డివిజన్ ఎన్నికలో దేశం మాట: పుర ఓటరు దేన్ని చూసి ఓటు వేస్తున్నాడు?

చిక్కడపల్లి చదువరి:

పుర ఎన్నికల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ మన నగరంలో ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది. మోరీ పొంగిందనో, వీధి దీపం వెలగడం లేదనో ఏడాది పొడవునా కార్పొరేటర్ చుట్టూ తిరిగే మనిషే, ఆ కార్పొరేటర్‌ను ఎన్నుకునే రోజు మాత్రం సరిహద్దుల గురించీ, పౌరసత్వం గురించీ, ప్రధానమంత్రి గురించీ ఆలోచిస్తూ పోలింగ్ కేంద్రానికి వెళుతున్నాడన్నది ఆ ఫిర్యాదు. ఇందులో నిజమెంతో తేల్చుకుందామనే ఈ చర్చను మొదలుపెడుతున్నాను.

2020 డిసెంబరు 1న జరిగిన గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలనే తీసుకోండి. అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకు వందల కాలనీలు నీట మునిగి అప్పటికి ఏడు వారాలు కూడా కాలేదు. నాలాల ఆక్రమణలు, తెగిన చెరువు కట్టలు, వరద సాయం పంపిణీ తప్ప మరో మాట వినిపించకూడని సమయమది. అయినా ప్రచారం చివరి వారంలో పత్రికల మొదటి పేజీలను ఆక్రమించినవి రోహింగ్యాలు, పాతబస్తీపై ‘సర్జికల్ స్ట్రైక్’, నగరం పేరును భాగ్యనగరంగా మార్చడం వంటి విషయాలు. నవంబరు 27న బీజేపీ జాతీయ అధ్యక్షుడు నడ్డా, 28న ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్, 29న కేంద్ర హోంమంత్రి అమిత్ షా వరుసగా వచ్చి రోడ్‌షోలు చేశారు. అధికారంలో ఉన్న టీఆర్‌ఎస్ సైతం కేంద్రం వరద సాయం ఇవ్వలేదనీ, ప్రభుత్వరంగ సంస్థలను అమ్ముకుంటోందనీ చెప్పి చర్చను ఢిల్లీ వైపే తిప్పింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తులు లేనట్లే నగరాల్లోనూ కార్పొరేటర్ ఎన్నికల నుంచి వాటిని తొలగించాలి. గుర్తు ఉన్నంతకాలం ఆ గుర్తుతో పాటు దేశవ్యాప్త వివాదాలన్నీ డివిజన్‌లోకి వస్తూనే ఉంటాయి. హైదరాబాద్ మహానగరం కనుక ఇక్కడి సంగతి వేరని ఎవరైనా అనవచ్చు. అందుకే నిజామాబాద్, వరంగల్, కరీంనగర్ వంటి మధ్యస్థాయి నగరాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారి అనుభవాలను కూడా వినాలనుకుంటున్నాను.

లెక్కల మాస్టారు:

చదువరి గారూ, ప్రచారంలో ఏం మాట్లాడారన్నది మీరు చెప్పారు. అయితే ప్రచారంలో ఎక్కువగా వినిపించిన మాటకే ఓటు పడిందని అనుకోవడానికి ఆధారం కావాలి కదా. ఫలితాలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

2016లో టీఆర్‌ఎస్‌కు 99, మజ్లిస్‌కు 44, బీజేపీకి 4, కాంగ్రెస్‌కు 2, తెలుగుదేశానికి 1 డివిజన్ దక్కాయి. 2020లో టీఆర్‌ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 వచ్చాయి. పాతబస్తీ పేరు మీద అంత రభస జరిగినా మజ్లిస్ సంఖ్య ఒక్కటి పెరగలేదు, ఒక్కటి తగ్గలేదు. టీఆర్‌ఎస్ చేతి నుంచి 43 డివిజన్లు జారాయి, బీజేపీకి కొత్తగా 44 వచ్చాయి. మార్పు దాదాపు అంతా ఆ రెండు పార్టీల మధ్యే జరిగింది. అది ఎక్కువగా ఏ వైపున జరిగిందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. బీజేపీ ఊడ్చేసింది ఎల్బీనగర్ నియోజకవర్గ డివిజన్లను. నడుం లోతు నీళ్లలో నిలబడి ఇంట్లోని బియ్యం బస్తాలను మేడ మీదికి మోసుకున్న కాలనీలు ఎన్నో ఆ పరిసరాల్లో ఉన్నాయి.

వరద సాయంగా ప్రకటించిన పది వేల రూపాయలను మొదట చేతికి నగదు రూపంలో ఇచ్చారు. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, మధ్యలో ఎవరు కోత కోసుకున్నారు అన్న గొడవ ప్రతి గల్లీలోనూ నడిచింది. తరువాత మీసేవ కేంద్రాల్లో దరఖాస్తు చేసుకోమంటే జనం తెల్లవారుజాము నుంచే బారులు తీరారు. ఇంతలో ఎన్నికల నియమావళి కారణంగా రాష్ట్ర ఎన్నికల సంఘం నవంబరు 18న ఆ పంపిణీని ఆపించింది. పది వేలు అందని మనిషికి పాతిక వేలు ఇస్తామని బీజేపీ మాట ఇచ్చింది. ఈ పరిస్థితుల్లో పడిన ఓటును రోహింగ్యాల ఖాతాలో రాయడం నాకు సబబుగా తోచదు.

ఓటింగ్ శాతం సంగతి కూడా చూడండి. 2009లో 42, 2016లో 45 శాతంగా ఉన్నది, అన్ని పార్టీల మహామహులు వీధుల్లోకి దిగిన 2020లో 46ను కాస్త దాటి ఆగిపోయింది. దేశ భవిష్యత్తే డివిజన్‌లో తేలిపోతుందని ఓటరు నిజంగా నమ్మి ఉంటే సగానికి పైగా జనం ఇంట్లో కూర్చునేవారా?

ఇంకొకటి. 2023 శాసనసభ ఎన్నికల్లో గ్రేటర్ పరిధిలోని 24 స్థానాల్లో బీజేపీకి దక్కింది గోషామహల్ ఒక్కటే. 16 స్థానాలు బీఆర్‌ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్‌ఎస్‌కే వెళ్లాయి. ఆరు నెలలైనా తిరగకముందే జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో సికింద్రాబాద్, మల్కాజిగిరి, చేవెళ్ల మూడూ బీజేపీ గెలుచుకోగా, బీఆర్‌ఎస్‌కు రాష్ట్రం మొత్తంలో ఒక్క స్థానమూ రాలేదు. నగర ఓటరు ఏ ఎన్నిక దేని కోసమో బాగానే వేరుచేసి చూస్తున్నాడనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇందూరు వాసి:

మాస్టారు గారి లెక్కలు హైదరాబాద్ వరకు సరిపోవచ్చు గానీ మా నిజామాబాద్‌కు సరిపోవు. 2011 జనాభా లెక్కల ప్రకారం మూడు లక్షల పైచిలుకు జనం ఉన్న నగరం మాది. చదువరి గారు అడిగిన మధ్యస్థాయి నగరానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఉద్యోగరీత్యా మెహదీపట్నంలో ఉంటున్నాను గానీ నా ఓటు ఇప్పటికీ అక్కడే ఉంది.

2019 ఏప్రిల్‌లో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, మద్దతు ధర కోసం 178 మంది రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలవడంతో అభ్యర్థుల సంఖ్య 185కు చేరి మా ఊరి పేరు దేశమంతటా మోగింది. ఆ ఎన్నికలో అప్పటి ముఖ్యమంత్రి కుమార్తె కవిత ఓడిపోయి, బీజేపీ అభ్యర్థి అర్వింద్ గెలిచారు. డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. 2020 జనవరి 22న నగరపాలక సంస్థకు పోలింగ్ జరిగింది. రాష్ట్రంలోని అత్యధిక పురపాలికలను టీఆర్‌ఎస్ గెలుచుకున్న అదే విడతలో మా ఊళ్లో ఆ పార్టీ మూడో స్థానానికి జారింది. 60 డివిజన్లలో బీజేపీకి 28, మజ్లిస్‌కు 16, టీఆర్‌ఎస్‌కు 13, కాంగ్రెస్‌కు 2, స్వతంత్రులకు 1 వచ్చాయి. అప్పుడు మా ఊరిని వరద ముంచలేదు. పది వేల గొడవా లేదు.

అయితే ఆ చట్టం గురించిన చర్చను ‘జాతీయ చర్చ’ అని పక్కన పెట్టడానికి కూడా నేను ఒప్పుకోను. పౌరసత్వం రుజువు చేసుకోమంటారేమోనన్న భయంతో ఆ నెలలో మా గల్లీలో ఎక్కడ చూసినా పుట్టిన తేదీ ధ్రువపత్రం గురించిన మాటలే. మా ఇంటి వెనుక ఉండే టైలర్ చాచా ఒక సాయంత్రం తన కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో తెచ్చి మా అరుగు మీద పరిచారు. ఉర్దూ మాధ్యమంలో చదివిన బడి టీసీలో పేరు ఒక తీరుగా ఉంది, రేషన్ కార్డులో మరో తీరుగా, ఆధార్‌లో ఇంకో తీరుగా ఉంది. పుట్టిన సంవత్సరం రెండింటిలో ఒకటి, మూడోదానిలో మరొకటి. వీటిని సరిచేయించుకోవాలంటే ఎక్కడికి పోవాలని ఆయన అడిగారు. జనన ధ్రువపత్రం ఇచ్చేది నగరపాలక సంస్థే కదా. అలాంటప్పుడు ఢిల్లీలో చేసిన చట్టం ఆయనకు దూరపు విషయం ఎలా అవుతుంది? అదే గల్లీలో ఆ చట్టం న్యాయమైనదేననీ, దాన్ని వ్యతిరేకించే పార్టీకి డివిజన్ పోకూడదనీ గట్టిగా అనుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. వాళ్లలో చాలామంది చాచా దగ్గరే బట్టలు కుట్టించుకుంటారు. రెండు వైపులవాళ్లూ అమాయకంగా ఎవరి మాటలకో పడిపోయి ఓటు వేయలేదు. తమకు ముఖ్యమనిపించిన విషయం మీద తెలిసే వేశారు.

తరువాత ఏం జరిగిందన్నది వేరే కథ. అత్యధిక డివిజన్లు గెలిచిన పార్టీ ప్రతిపక్షంలో కూర్చుంది. మజ్లిస్ మద్దతుతో, ఎక్స్‌అఫీషియో (ఎమ్మెల్యేల వంటి, పదవిరీత్యా వచ్చే) సభ్యుల ఓట్లతో మేయర్ పదవి టీఆర్‌ఎస్‌కు, డిప్యూటీ మేయర్ పదవి మజ్లిస్‌కు దక్కాయి. జాతీయ చర్చ ఓట్లను చీల్చగలిగింది గానీ ఊరిని ఎవరు నడపాలో తేల్చలేకపోయింది.

ఓరుగల్లు పాఠకురాలు:

మాస్టారు గారికి ఒకే ప్రశ్న. వరదే కారణమైతే 2020 ఆగస్టులో హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగాయి కదండీ. 2021 ఏప్రిల్ 30న గ్రేటర్ వరంగల్‌లో ఓటు వేసినప్పుడు 66 డివిజన్లలో టీఆర్‌ఎస్‌కు 48 ఎలా వచ్చాయి? బీజేపీ 10 దగ్గర, కాంగ్రెస్ 4 దగ్గర ఎందుకు ఆగిపోయాయి? హైదరాబాద్ ఫలితం వచ్చి అప్పటికి ఐదు నెలలే. గాలి బీజేపీ వైపే వీస్తోందని టీవీలన్నీ చెబుతున్న రోజులవి.

లెక్కల మాస్టారు:

మంచి ప్రశ్న అడిగారమ్మా. వరద వస్తే చాలు, పాలకపక్షం ఓడిపోతుందని నేను అనలేదు. కోపం ఒక్కటే ఓటు కాదు, దాన్ని బ్యాలెట్ దాకా నడిపించే మనుషులు గల్లీలో ఉండాలి. హైదరాబాద్‌లో అంబర్‌పేట, ముషీరాబాద్, గోషామహల్ ప్రాంతాల్లో బీజేపీకి ఏళ్ల తరబడి పనిచేసిన కార్యకర్తలు ఉన్నారు. పైగా 2020 నవంబరులో దుబ్బాక ఉప ఎన్నికలో గెలిచిన ఊపు కొన్ని వారాల ముందే వచ్చింది. వరంగల్‌లో అంతటి అల్లిక లేదు. అదీగాక ఆ పోలింగ్ కరోనా రెండో ఉధృతి మధ్యలో జరిగింది. జాతీయ నాయకులు వచ్చి హోరెత్తించే పరిస్థితే లేదు. నా వాదనకు ఇది అడ్డం వస్తుందని అనుకోను. స్థానికంగా ఆధారం లేని చోట జాతీయ చర్చ నిలబడదనే నేనూ అంటున్నది.

గల్లీ కార్యకర్త:

ఏ పార్టీ అన్నది అడగకండి, ఒకటికి మించి పార్టీల్లో పనిచేశాను. ఇక్కడ అందరూ ఓటరు మనసు గురించి మాట్లాడుతున్నారు. నేను అభ్యర్థి అవస్థ గురించి చెబుతాను. జాతీయ చర్చ డివిజన్‌లోకి ఎందుకు వస్తుందో అక్కడే తెలుస్తుంది.

2020 ఎన్నికలకు నవంబరు 17న నోటిఫికేషన్ వచ్చింది. 20 వరకు నామినేషన్లు, 22న ఉపసంహరణ, 29 సాయంత్రానికి ప్రచారం బంద్. బీ-ఫారం, అంటే పార్టీ అధికారిక అభ్యర్థి అని తేల్చే పత్రం, ఎవరికి దక్కుతుందో చివరి గంట దాకా తెలియదు. దక్కాక అభ్యర్థి చేతిలో మిగిలింది వారం. నగరంలో ఓటర్లు సుమారు 74 లక్షల మంది, డివిజన్లు 150, అంటే సగటున ఒక్కో డివిజన్‌కు యాభై వేల మంది. వారంలో యాభై వేల మందికి తన ముఖం చూపించడమే అభ్యర్థికి గగనం, ఇక తన పనితనం గురించి చెప్పుకునేదెప్పుడు? జనానికి ముందే తెలిసిన ముఖం, ముందే తెలిసిన మాట కావాలి. అవి టీవీలో రాత్రీ పగలూ కనిపించేవే అవుతాయి. కరపత్రం నమూనా పైనుంచి తయారై వస్తుంది. ముందు వైపు పెద్ద నాయకుల ఫొటోలు వరుసగా ఉంటాయి, కింద మూలన చేతులు జోడించిన అభ్యర్థి. వెనుక వైపు హామీలు ఏ డివిజన్‌కైనా ఒకటే: కమ్యూనిటీ హాలు, ఓపెన్ జిమ్, సీసీ కెమెరాలు. అభ్యర్థి పేరు, డివిజన్ నంబరు వేసే చోటు మాత్రం ఖాళీగా వదిలి పంపుతారు.

ఆ ఎన్నికల్లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కుర్చీలు వేసి సమావేశం పెట్టాం. రిటైరైన పెద్దాయన ఒకరు లేచి, వెనుక నాలా మీద బాక్స్ డ్రెయిన్ పని ఎప్పుడు మొదలవుతుందో, అంచనాలు ఆమోదం పొందాయో లేదో చెప్పమన్నారు. మా అభ్యర్థి నా వైపు చూశాడు, నేను నేల చూశాను. ఆ పనికి నిధులు రావాల్సింది ఒక చోటు నుంచి, నాలా పక్కన ఇళ్లు తొలగించాల్సింది మరో శాఖ, అడ్డం వచ్చే మురుగు పైపులు జరపాల్సింది ఇంకో సంస్థ. నిజాయితీగా చెప్పాలంటే ‘అది నా చేతిలో లేదు’ అనాలి. ఆ మాట చెప్పి ఓటు అడిగిన అభ్యర్థిని నేను ఇంతవరకు చూడలేదు. మావాడు గొంతు సవరించుకుని, దేశం ఇప్పుడు ఏ పరిస్థితుల్లో ఉందో ఆలోచించమన్నాడు. వెనుక కుర్చీల్లోని కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. పెద్దాయన మళ్లీ లేవలేదు.

కనుక ఓటరు దేశం గురించి అడిగాడని మేం దేశం గురించి మాట్లాడుతున్నామని అనుకోకండి. డివిజన్ గురించి చెప్పడానికి మా దగ్గర ఏమీ లేక మాట్లాడుతున్నాం.

సాగరతీరం:

విశాఖ నుంచి వచ్చి మియాపూర్‌లో ఉంటున్నాను. ఇక్కడి చర్చలో జాతీయ అంశం అంటే మతం, పౌరసత్వం అన్నట్లే సాగుతోంది. మా ఊరి ఎన్నిక చూడండి. 2021 జనవరి 27న విశాఖ ఉక్కు కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. మార్చి 10న మహా విశాఖ నగరపాలక సంస్థకు పోలింగ్ జరిగింది. ఆ నిర్ణయం ఢిల్లీది, ఉద్యోగాలు గాజువాకవి. దాని మీద అభ్యర్థిని నిలదీయకుండా ఓటు వేయమని గాజువాక ఓటరుకు చెప్పగలమా? కార్పొరేటర్ ఉక్కు కర్మాగారాన్ని కాపాడలేడన్న సంగతి వాళ్లకూ తెలుసు.

ఫలితం మాత్రం ఎవరి వాదనకూ నూటికి నూరుపాళ్లు కలిసిరాదు. 98 డివిజన్లలో అప్పుడు రాష్ట్రంలో అధికారంలో ఉన్న వైసీపీకి 58, తెలుగుదేశానికి 30 వచ్చాయి. జనసేనకు మూడు, బీజేపీ, సీపీఐ, సీపీఎంలకు ఒక్కొక్కటి. కేంద్రంలో ఉన్న పార్టీకి ఒక్కటే దక్కిందన్నది జనం కోపానికి గుర్తు అనుకోవచ్చు. కానీ అంతకు ముందు కూడా అక్కడ దానికి పెద్ద బలం లేదు. ఉక్కు ఉద్యమం ముందుండి నడిపిన వామపక్షాలకు దక్కింది కూడా రెండే. ఎక్కువ డివిజన్లు రాష్ట్ర ప్రభుత్వాన్ని నడుపుతున్న పార్టీకే పోయాయి. నిధులూ పింఛన్లూ ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లతో వైరం ఎందుకన్న లెక్క పుర ఎన్నికల్లో గట్టిగా పనిచేస్తుంది. నన్ను అడిగితే ఢిల్లీ చర్చకన్నా ఆ లెక్కదే పైచేయి. దాన్ని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అది టీవీలో చర్చకు పనికిరాదు.

చిక్కడపల్లి చదువరి:

సాగరతీరం గారు చెప్పిన చివరి మాట నా ప్రతిపాదనకే బలం ఇస్తుంది. ఢిల్లీలో ఉన్న పార్టీ కావచ్చు, రాష్ట్రంలో ఉన్న పార్టీ కావచ్చు, డివిజన్‌లోని మనిషిని చూసి ఓటు పడటం లేదన్నదే కదా తేలింది. అంతగా గుర్తును చూసి ఓటు వేస్తే ఆ గుర్తైనా నిలిచిందా? గ్రేటర్ మేయర్‌గా 2021 ఫిబ్రవరిలో టీఆర్‌ఎస్ తరఫున ఎన్నికైన గద్వాల విజయలక్ష్మి, రాష్ట్రంలో ప్రభుత్వం మారాక 2024 మార్చిలో కాంగ్రెస్‌లో చేరారు. ఎన్నికల్లో రెండంటే రెండు డివిజన్లు గెలిచిన పార్టీకి మేయర్ వచ్చినట్లయింది. జాతీయ చర్చతో హోరెత్తిన ఎన్నికకు చివరికి మిగిలింది ఇదే అయితే, పార్టీలు లేకుండానే ఎన్నిక జరపడంలో నష్టమేమిటి?

లెక్కల మాస్టారు:

నష్టం ఉంది. వెయ్యి, రెండు వేల ఓట్లుండే ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి ఎవరో, వాళ్ల నాన్న ఎవరో, ఎవరి దగ్గర ఎంత అప్పు చేశాడో అందరికీ తెలుసు. అక్కడ గుర్తు లేకపోయినా నడుస్తుంది. అక్కడైనా పార్టీ లేదని ఎవరు నమ్ముతారు? ఫలితాలు వచ్చిన మర్నాడే మావాళ్లు ఇన్ని పంచాయతీలు గెలిచారని ప్రతి పార్టీ లెక్కలు విడుదల చేస్తుంది. యాభై వేల మంది ఉన్న డివిజన్‌లో, ఎదురు ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలియని చోట, గుర్తు తీసేస్తే ఓటరుకు మిగిలే సమాచారం కులం, డబ్బు, ఫ్లెక్సీల సైజు. గుర్తు ఎంత ముఖ్యమో 2020లోనే చూశాం. ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో బ్యాలెట్ పత్రం మీద సీపీఐ గుర్తుకు బదులు సీపీఎం గుర్తు అచ్చయినందుకు పోలింగ్ ఆపి డిసెంబరు 3న మళ్లీ జరపాల్సి వచ్చింది.

నల్లా లెక్కలు:

జలమండలిలో పనిచేసి రిటైరయ్యాను. గల్లీ కార్యకర్త గారు సెల్లార్‌లో నేల చూడటానికి కారణం ఆయన కాదు, మనం కట్టుకున్న వ్యవస్థ. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలులో 18 అంశాలను పురపాలికలకు అప్పగించవచ్చని చెప్పింది. పట్టణ ప్రణాళిక మొదటిది, నీటి సరఫరా ఐదోది. హైదరాబాద్‌లో నీరు, మురుగు 1989 నుంచీ జలమండలివి. నగరం చుట్టూ విస్తరణ ప్రణాళిక 2008 నుంచీ హెచ్‌ఎండీఏ (మహానగరాభివృద్ధి సంస్థ)ది. కరెంటు, బస్సు, పోలీసు సరేసరి. బల్దియాకు, అంటే నగరపాలక సంస్థకు, మిగిలినవి గల్లీ రోడ్లు, చెత్త, వీధి దీపాలు, వరదనీటి కాలువలు, పార్కులు, ఆస్తిపన్ను. రోడ్డు తవ్వేది ఒకరు, పూడ్చాల్సింది మరొకరు అయిన చోట కార్పొరేటర్‌ను దేని మీద నిలదీస్తారు?

2020లో ఫలానా పని చేస్తామని స్పష్టంగా చెప్పిన స్థానిక హామీ ఒకటుంది. నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచిత తాగునీరు అని టీఆర్‌ఎస్ మేనిఫెస్టోలో పెట్టింది, 2021 జనవరిలో అమలు మొదలైంది. గమనించండి, అది కూడా బల్దియా చేయగలిగింది కాదు, రాష్ట్ర ప్రభుత్వం జలమండలి ద్వారా చేసింది. అధికారాలను ముందు బల్దియాకు ఇచ్చి, 2002లో మన నగరంలో తీగల కృష్ణారెడ్డిని ఎన్నుకున్నట్లు మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకుంటే, చర్చ దానంతట అదే నగరం మీదికి వస్తుందని నా నమ్మకం.

ఇందూరు వాసి:

అయ్యా, రెండు మాటల్లోనూ నాకు అనుమానం ఉంది. మా ఊళ్లో వేరే జలమండలి లేదు, నల్లా నీళ్లు నగరపాలక సంస్థే ఇస్తుంది. జనన ధ్రువపత్రం నుంచి మంచినీటి దాకా అన్నీ ఒకే గొడుగు కింద ఉన్నాయి. అధికారం ఉంటే చర్చ స్థానికం అవుతుందనుకుంటే 2020 జనవరిలో మా ఊరి ఎన్నిక నీళ్ల మీదే జరగాల్సింది, జరగలేదు. ఇక మేయర్‌ను నేరుగా ఎన్నుకోవడం ఆనాడు మా ఊళ్లో ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. డివిజన్లుగా చీలి ఉన్నప్పుడు కనీసం ఇరవై రకాల చిన్న గొడవలు, చుట్టరికాలు మధ్యలో అడ్డుపడ్డాయి. ఊరంతా ఒకే పదవి కోసం ఓటు వేస్తే రెండే శిబిరాలు మిగిలేవి. ఇప్పుడు మీరు వద్దంటున్న జాతీయ చర్చకు అంతకన్నా అనువైన ఎన్నిక మరొకటి ఉండదు.

గల్లీ కార్యకర్త:

ఇందూరు వాసి గారి ఊళ్లో నీళ్ల మీద ఎన్నిక ఎందుకు జరగలేదో నేను చెప్పగలను. నల్లా నీళ్లు రోజూ ఇస్తాం, రోడ్లు వేస్తాం, డ్రైనేజీ బాగుచేస్తాం అని ప్రతి ఊళ్లో అన్ని పార్టీలూ అవే మాటలు చెబుతాయి. కరపత్రాల వెనుక వైపులు మార్చి పంచినా ఎవరూ కనిపెట్టలేరని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. పౌరసత్వ చట్టం మీద మాత్రం ఆ పార్టీలు వేర్వేరు మాటలు చెప్పాయి. తేడా కనిపించిన చోటే ఓటరు ఎంచుకున్నాడు, అందులో అతణ్ని తప్పుపట్టడానికి ఏముంది? హైదరాబాద్‌లోనూ వరద సాయం విషయంలో పది వేలకూ పాతిక వేలకూ మధ్య తేడా కనిపించింది కాబట్టే మాస్టారు చెప్పిన కాలనీల్లో అది పనిచేసింది.

వచ్చే ఎన్నికల్లో నన్ను మళ్లీ పిలిస్తే అభ్యర్థికి ఒకటే చెబుదామనుకుంటున్నాను. డివిజన్‌లో ఫలానా నాలా, ఫలానా మూల నుంచి ఫలానా మూల దాకా, ఎన్ని ఇళ్లు అడ్డం ఉన్నాయి, వాళ్లకు ఎక్కడ ఇళ్లిస్తాం అన్నది కరపత్రం ముందు వైపు వేయమని. ఎదుటి పార్టీ దాన్ని కాదనాల్సి వస్తుంది, లేదా అంతకన్నా మంచిది చెప్పాల్సి వస్తుంది. అయితే ఆ అడ్డం ఉన్న ఇళ్లవాళ్ల ఓట్లు పోతాయని ఏ అభ్యర్థీ దీనికి ఒప్పుకోడన్న సంగతి కూడా నాకు తెలుసు.